పదకొండో అంశం

శిక్షణ కేంద్రం, రెండో అంతస్తు
ఫిబ్రవరి 9

ఒరేయ్ తమ్ముడూ,

ముందు శుభవార్త. వైద్య సిబ్బంది పదోన్నతి కోర్సును మొదటినుంచీ కొత్తగా తయారుచేసే పని నాకు అప్పగించారు. అవును, నాకే. కమిటీలో ఏడుగురం ఉన్నాం. ఆరుగురు డాక్టర్లు, నర్సుని నేనొక్కదాన్ని. కానీ కాగితం మీద పెట్టేది మాత్రం నేను. మీటింగులో గంభీరంగా తలూపి, అయ్యాక బాత్రూంలోకి వెళ్లి తలుపేసుకుని అద్దంలో చూసుకుంటూ నవ్వుకున్నాను. యాభైకి దగ్గర పడుతున్న మనిషి చేయాల్సిన పని కాదు, అయినా చేశాను.

నాకు ఒక గది కూడా ఇచ్చారు. నిన్నటిదాకా అది విరిగిన మంచాలు పడేసే కొట్టు. కిటికీ సగమే తెరుచుకుంటుంది, ఫ్యాను తిరిగేటప్పుడు దగ్గుతుంది. తలుపు మీద నా హోదా రాసిన బోర్డు ఉంది గనక మిగతావేవీ నాకు కనబడటం లేదు.

కోర్సు సంగతి నీకు కొత్త కాదు. చిన్న కేంద్రాల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న కట్లు కట్టే డ్రెస్సర్లూ, వార్డు ఆయాలూ మూడు నెలలు చదివి పరీక్ష నెగ్గితే ఆరోగ్య సహాయకులవుతారు. అప్పుడు వాళ్లే రోగిని చూసి, వాళ్ల పేరుతోనే చీటీ రాయొచ్చు. గత పదేళ్లలో చేరినవాళ్లలో సగం మంది మధ్యలోనే మానేశారు. ఎందుకు మానేశారని ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు. మా కమిటీ పెద్ద డాక్టరు గారు ఇప్పుడు అడుగుతున్నారు. 'అందరికీ అందే కోర్సు కావాలి' అన్నారు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. ఆ చిన్న కేంద్రంలో కూర్చుని చూస్తే ఈ కోర్సు ఎలా కనిపిస్తుంది? ఉన్నదున్నట్టు రాయి. ఫోన్ చేసి అడిగే వీలు మనకి లేదు, మెసేజ్ పెడితే 'సరే' అని ఒక్క ముక్క పడేస్తావు. తొమ్మిదేళ్లప్పుడు వచ్చిన జ్వరం నీ వినికిడి పట్టుకుపోయింది గానీ చేతుల్ని వదిలేసింది కదా. ఆ చేతుల్తో నాలుగు పేజీలు రాయి.

మరదలికి చెప్పు, నేను రోజూ వేళకి తింటున్నానని. నమ్మదు, అయినా చెప్పు.

మీ అక్క


రేవు ఆరోగ్య కేంద్రం, డ్రెస్సింగ్ గది
మార్చి 2

అక్కా,

నీ ఉత్తరం కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడి చేతా చదివించాను. కాలు నా చేతిలో ఉంటుంది కాబట్టి ఎవరూ కాదనలేదు. ఒకాయన చదివి, మీ అక్కకి జీతం పెంచారా అని అడిగాడు. ఆ ముక్క రాయలేదండీ, గది ఇచ్చారట అన్నాను. అయితే పెంచలేదు అని తేల్చేశాడు.

మా పెద్ద సిస్టరుకి కూడా ఇచ్చాను. ఈ కేంద్రానికి పెద్ద దిక్కు ఆవిడే, ఇంకో మూడేళ్లలో రిటైరవుతుంది. ముప్పై ఏళ్ల కిందట ఆవిడా ఈ కోర్సే చదివింది. చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, 'మీ అక్కని ముందు బెల్లు సంగతి చూడమను' అంది.

బెల్లు సంగతి ఏమిటంటే, మీరు ఎనిమిదింటికి బెల్లు కొడతారు. మా రేవులో మొదటి పడవ ఎనిమిదింటికి బయల్దేరుతుంది. అంటే నది ఇవతల పుట్టినవాడు మీ దృష్టిలో పుట్టుకతోనే ఆలస్యం. మూడుసార్లు ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు. మానేశారు అని మీరంటున్నవాళ్లలో ఎంతమంది పడవ వల్ల మానేశారో లెక్క తీయించు.

క్లాసు మూడో అంతస్తులో. మా వార్డు ఆయాకి ఒక కాలు పొట్టి. మెట్లెక్కి వెళ్లేసరికి సగం పాఠం అయిపోయేదట, మిగతా సగం ఆయాసం తీర్చుకోవడానికి సరిపోయేదట. ఇంకొకావిడ పాలు తాగే బిడ్డని వదలలేక పదో రోజున తిరిగొచ్చేసింది. ఆ బిడ్డకిప్పుడు ఆరేళ్లు, తల్లి ఇంకా ఆయాగానే ఉంది.

ఇంకోటి. మీ పుస్తకంలో కామెర్లు, దద్దుర్లు, ఊపిరాడక పెదాలు నీలంగా మారడం, అన్నీ తెల్లటి ఒంటి మీదే చూపించారు. మా వరండాలో రోజూ ఎనభై మంది కూర్చుంటారు. ఆ బొమ్మల్లోని రంగున్న మనిషి ఒక్కడు కనబడితే నీకు తంతి కొడతాను. నల్లటి ఒంటి మీద దద్దురు ఎర్రగా ఉండదు. ఎలా ఉంటుందో నాకు పద్నాలుగేళ్లు చూస్తే తెలిసింది, పుస్తకం చూస్తే తెలియలేదు.

ప్రశ్నలు కూడా మనుషులు మాట్లాడే భాషలో అడగమను. 'క్షతగాత్రుని ప్రథమ పరిశీలన యందు గమనింపదగిన లక్షణములు వివరింపుము' అంటే మా ఆయా భయపడిపోయింది. దెబ్బ తగిలినవాడు రాగానే ముందు ఏం చూస్తావమ్మా అంటే తడుముకోకుండా పది చెబుతుంది.

నా సంగతి వేరే రాయక్కర్లేదు. నా దరఖాస్తు రెండుసార్లు ఎర్రసిరా గీతతో తిరిగొచ్చిన సంగతి నీకు తెలుసు, నాకేం కావాలో నాకంటే నీకే బాగా తెలుసు. అది నీకు వదిలేస్తున్నాను.

మా అక్క కోర్సు రాస్తోందంటే నాకెంత పొంగుగా ఉందో చెప్పను. చెబితే నువ్వు ఆ గదిలో పట్టవు.

తమ్ముడు


శిక్షణ కేంద్రం
మే 18

తమ్ముడూ,

అయిపోయింది. నిన్న కమిటీ పది అంశాలకీ పది ఒప్పేసుకుంది.

బెల్లు పదింటికి. క్లాసు కింది అంతస్తుకి దిగింది, మెట్లున్న చోట ర్యాంపు కడుతున్నారు. పాలిచ్చే తల్లులకి ఒక గది, బిడ్డని చూసుకోవడానికి ఒక మనిషి. పుస్తకంలో బొమ్మలన్నీ మళ్లీ తీయించాం, అన్ని రంగుల ఒళ్ల మీదా. ఫొటోలకి మన ఆసుపత్రి రోగులనే అడిగితే, ఒకాయన దద్దుర్లు తగ్గిపోతున్నాయి త్వరగా రండని కబురు పెట్టాడు. ప్రశ్నలు మామూలు భాషలో. నీ క్షతగాత్రుణ్ణి నేను చదివి వినిపించగానే పెద్ద డాక్టరు గారు పగలబడి నవ్వారు. తర్వాత ఆ ప్రశ్న రాసింది తానేనని ఒప్పుకున్నారు.

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నిన్నటంత తలెత్తుకుని ఎప్పుడూ ఇంటికి రాలేదు. మీ బావ తలుపు తీసి, 'ఎవరు కావాలండీ' అన్నారు. నేను నవ్వలేదు, ఆ గొప్పలోనే ఉన్నాను.

కొన్ని విషయాలు తర్వాత చూద్దామని పక్కన పెట్టాం. అన్నీ ఒక్కసారే జరగవు కదా. పుస్తకం అచ్చుకి వెళ్లింది, రాగానే పంపిస్తాను. పని ఒత్తిడి ఎక్కువగా ఉంది, ఇంతకంటే రాయలేకపోతున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త.

అక్క


రేవు ఆరోగ్య కేంద్రం
జూన్ 11

గౌరవనీయులైన శిక్షణాధికారి గారికి,

మీరు పంపిన పుస్తకం అందింది. అట్ట మీద 'అందరికీ' అని పెద్ద అక్షరాల్లో ఉంది. చాలా బాగుంది.

పద్నాలుగో పేజీ, పరీక్ష నియమాలు. బీపీని స్టెతస్కోపుతో విని చెప్పాలి. పరీక్షకులు మాస్కులు పెట్టుకుని నోటితో ప్రశ్నలడుగుతారు, అభ్యర్థి నోటితో జవాబివ్వాలి. వినికిడి లోపం ఉన్నవారు అనర్హులు. ఈ పేజీలో పాత పుస్తకానికీ కొత్తదానికీ ఒక్క అక్షరం తేడా లేదు. పక్కపక్కన పెట్టుకుని చూశాను.

కాలు పొట్టి ఆయాకి దారి దొరికింది. బిడ్డ తల్లికి గది దొరికింది. నదికి కూడా మీరు రెండు గంటలు ఇచ్చారు. మీకు తెలిసిన మనుషుల్లో చెవిటివాళ్లు ఎవరూ లేరేమోనని అనుకున్నాను.

ఒక అమ్మాయి ఉండేది. బడి నుంచి వచ్చి, పుస్తకాల సంచి తీయకుండానే తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ రోజు పాఠమంతా పెదాలు కదుపుతూ రెండోసారి చెప్పేది. వాడికి అర్థం కాకపోతే మూడోసారి చెప్పేది. ఆ అమ్మాయి ఎక్కడైనా కనబడితే నేను అడిగానని చెప్పగలరు.

ఇట్లు
డ్రెస్సర్


ఇంటి నుంచి
జూన్ 19

చిన్నా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. మొదటి వరుస చూడగానే లేచి తలుపేసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను 'గారు' అనడం అదే మొదటిసారి. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.

ఇక దాచను. నా జాబితాలో పది కాదు, పదకొండు అంశాలుండేవి. పదకొండోది నీది. ప్రశ్నలు రాసి ఇవ్వాలి, పరీక్షకులు నోరు కనిపించే మాస్కు పెట్టుకోవాలి, గుండె చప్పుడు తెర మీద గీతలుగా కనిపించే స్టెతస్కోపు వాడనివ్వాలి. అన్నిటికంటే ముందు అనుకున్నది అదే. కమిటీ రోజు పొద్దున, మీటింగుకి అరగంట ముందు, నా చేత్తో నేనే కొట్టేశాను.

ఎందుకంటే, క్రితం రోజు కారిడార్లో కమిటీ సర్జన్ గారు 'మీవాళ్లెవరైనా ఈ కోర్సుకి వస్తున్నారా' అని యథాలాపంగా అడిగారు. 'లేరండీ' అన్నాను. నోట్లోంచి అలా వచ్చేసింది. అన్నాక ఇక ఆ అంశం ఎలా పెట్టను? రేపు నీ దరఖాస్తు వస్తే, ఇదంతా తమ్ముడి కోసం అల్లిన కథా అంటారు. మిగతా పది అంశాల మీదా మచ్చ పడుతుంది. ఇలా లెక్కలేసుకుని, నా నిజాయితీ కాపాడుకోవడానికి నిన్ను బయట పెట్టాను. మరెవరి తమ్ముడైనా అయ్యుంటే ఆ అంశం కోసం బల్ల గుద్ది పోట్లాడేదాన్ని. నా తమ్ముడివి కావడమే నీ తప్పయింది.

ఇంకోటి కూడా చెప్పాలి. ఇక్కడ ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను, నాకో తమ్ముడున్నాడనీ, వాడికి వినపడదనీ ఎవరికీ తెలియదు. సిగ్గుపడి దాచలేదు. ఎవరైనా జాలిగా 'అయ్యో' అంటే తట్టుకోలేక దాచాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండింటికీ పెద్ద తేడా కనబడటం లేదు.

పుస్తకం అచ్చయిపోయింది. వచ్చే ఏడాదిదాకా మార్చలేమంటున్నారు. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

అక్క


రేవు ఆరోగ్య కేంద్రం
జూలై 8

అక్కా,

వారం రోజులు నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకు తిరిగాను. కోపం పోలేదు. నీ మరదలైతే నాకంటే ఎక్కువ కోపంగా ఉంది, నీకు వేరే రాస్తుందట. కానీ ఈలోగా ఇక్కడ ఒకటి జరిగింది. అది నీకు తెలియాలి. నా గురించి కాదు.

పోయిన మంగళవారం నెలలు నిండిన గర్భిణి ఒకామె వచ్చింది. తలనొప్పిగా ఉందంది. పెద్ద సిస్టరు బీపీ చూసి చీటీలో 120/80 అని రాసి, విశ్రాంతి తీసుకోమని పంపేసింది. ఆమె బయటికి వెళ్తూ నా గది ముందు ఆగి కాసేపు గోడకి ఆనుకుంది. మొహం చూశాను. కళ్లు ఉబ్బి ఉన్నాయి, చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడి ఉన్నాయి. ఆ చీటీకీ ఈ మనిషికీ పొంతన లేదనిపించింది.

లోపలికి పిలిచి, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాను. నాకు వినపడదు గనక మణికట్టు దగ్గర నాడి మీద వేళ్లు పెట్టుకుంటాను. గాలి ఎక్కితే నాడి ఆగిపోతుంది, మెల్లగా వదులుతుంటే ఒక చోట మళ్లీ తగులుతుంది. ఆ తగిలిన చోటే పైఅంకె. 184 దగ్గర తగిలింది. మళ్లీ చూశాను. మళ్లీ అంతే. పడవవాణ్ణి నిలబెట్టి, నేనే వెంట వెళ్లి అవతలి ఒడ్డున పెద్దాసుపత్రిలో చేర్పించాను. ఇంకో గంట గడిస్తే ఫిట్స్ వచ్చేవన్నారు. తల్లి బాగుంది. ఆడపిల్ల పుట్టింది, చాలా చిన్నది, కానీ బాగా ఏడుస్తోందట. అది నాకు వినపడదు కాబట్టి నోరు చూసి నిర్ధారించుకున్నాను.

తిరిగొచ్చేసరికి పెద్ద సిస్టరు డ్రెస్సింగ్ గదిలో నా స్టూలు మీద కూర్చుని ఉంది. నాకు కనబడేలా నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. ఆవిడకి నాలుగేళ్లుగా చెవులు మందగించాయి. స్టెతస్కోపులో ఏమీ వినపడదు. చూడ్డానికి బాగున్నవాళ్లందరికీ 120/80 రాసేస్తోంది. చెబితే అనర్హురాలంటారు, మూడేళ్ల సర్వీసు ఉండగా ఇంటికి పంపేస్తారు. 'నీకు చిన్నప్పుడే పోయింది కాబట్టి నువ్వు దాచలేకపోయావు, నేను దాచగలిగాను' అంది. ఆవిడ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు అక్కా. ముప్పై ఏళ్లలో ఈ రేవులో సగం మందికి కాన్పు చేసిన మనిషి.

ఇదంతా నీకు రాయమని ఆవిడే చెప్పింది. తన సంగతి కూడా.

మీ పద్నాలుగో పేజీ చెవిటివాళ్లని ఆపడం లేదు. చెప్పినవాణ్ణి ఆపుతోంది, చెప్పనివాళ్లని లోపలే ఉంచుతోంది. నా కోసం దాన్ని మార్చమని నేను అడగను. ఆ పసిదాని కోసం మార్చు. మా పెద్ద సిస్టరు లాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో పేర్లు లేని చీటీల మీద అడిగి చూడు.

మళ్లీ 'అక్కా' అని రాశాను, గమనించావుగా. అంతకంటే వివరంగా క్షమించడం నాకు చేతకాదు.

తమ్ముడు


శిక్షణ కేంద్రం
ఆగస్టు 27

నాన్నా,

కూర్చుని చదువు. నిలబడి చదివే ఉత్తరం కాదు.

నువ్వన్నట్టే అన్ని కేంద్రాలకీ పేరు రాయక్కర్లేని చీటీలు పంపాను. 'మీకు వినడంలో ఇబ్బంది ఉందా? ఉంటే ఎవరికైనా చెప్పారా?' రెండే ప్రశ్నలు. రెండు వందల పన్నెండు చీటీలు తిరిగొచ్చాయి. పంతొమ్మిది మంది ఉందన్నారు. ఎవరికైనా చెప్పినవాళ్లు ఇద్దరు. ఒక చీటీ మీద 'నేను బీపీ చూస్తున్నట్టు నటిస్తున్నాను' అని ఉంది. ఆ చీటీని కట్టలో అన్నిటికంటే పైన పెట్టాను.

చీటీలన్నీ పట్టుకుని పెద్ద డాక్టరు గారి గదికి వెళ్లాను. చీటీలు చూపించే ముందు వేరే మాట చెప్పాను. 'నాకో తమ్ముడున్నాడండీ. డ్రెస్సరు. వాడికి వినపడదు. ఈ అంశం మొదట జాబితాలో ఉండేది, వాడి పేరు నా పేరుకి అంటుకుంటుందని నేనే తీసేశాను' అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టి, 'ఇది రాతపూర్వకంగా ఇవ్వండి, మీటింగ్ పెడదాం' అన్నారు. రాసిచ్చాను. పరీక్షల పని, ఫలితాల పని, దరఖాస్తుల పని, మూడింటి నుంచీ తప్పుకుంటున్నానని కూడా అందులోనే రాసేశాను. బుర్ర తేలికైంది.

మీటింగులో సర్జన్ గారు నిప్పులు చెరిగారు. 'చెవులు లేనివాడు బీపీ చూడటమేమిటి, రేపు కళ్లు లేనివాడు కుట్లు వేస్తానంటాడు' అన్నారు. చెప్పి ఒప్పించడం కంటే చూపించడం నయమనిపించి, అప్పటికే మా అంతస్తు ఊడ్చే ఆవిణ్ణి బతిమాలి పక్క గదిలో కూర్చోబెట్టి ఉంచాను. కిటికీ తెరిచి పెట్టాం, బయట ర్యాంపు కడుతున్న మేస్త్రీలు సుత్తులతో బాదుతున్నారు. మీ వరండాలో ఉండే గోలకి అది ఏ మూలకీ సరిపోదు, అయినా చాలనుకున్నాను. ఆరుగురు డాక్టర్లూ ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లి, విని, కాగితం మీద అంకె రాసి మడిచి ఇవ్వాలి.

ఆరు కాగితాలూ విప్పాం. ఏ రెండూ కలవలేదు. 132 ఒకరు, 156 ఒకరు, మిగతావి మధ్యలో. ఒక కాగితం మీద మాత్రం 120/80 అని చక్కని దస్తూరీలో ఉంది. తెర ఉన్న యంత్రం పెట్టి చూస్తే 148. అది అయ్యాక నేను వేళ్లతో చూశాను, నీ పద్ధతిలో. నెల రోజులుగా మీ బావ చెయ్యి పట్టుకుని సాధన చేశాను లే. పైఅంకె 146 వచ్చింది.

120/80 ఎవరిదని ఎవరూ అడగలేదు. దస్తూరీ నేను గుర్తుపట్టాను, సర్జన్ గారిది. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ కాగితం చూశాక పోయింది.

పదకొండో అంశం ఏకగ్రీవంగా నెగ్గింది. పద్నాలుగో పేజీ చింపి కొత్త పేజీ అతికిస్తున్నారు. పనిలో ఉన్నవాళ్లకి చెవులు మందగిస్తే ఉద్యోగం పోదు, పరికరం వస్తుంది, శిక్షణ వస్తుంది. ఈ మాట మీ పెద్ద సిస్టరుకి ముందు చెప్పు, తర్వాత మిగతాది చదువుకో.

ఇక నీ సంగతి. దరఖాస్తుకి సెప్టెంబరు పది ఆఖరు. నేను దాన్ని ముట్టుకోను, చూడను, ఎక్కడిదాకా వచ్చిందని అడగను. నెగ్గితే నీ అంతట నువ్వు నెగ్గాలి. ఓడితే నన్ను తిట్టుకోవడానికి కూడా నీకు వీలుండదు.

అక్క

మళ్లీ: మరదలి ఉత్తరం అందింది. అందులో రాసినవన్నీ న్యాయమే. జవాబు రాయడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను.


మూడో శిక్షణ కేంద్రం, హాస్టలు
అక్టోబరు 30

అక్కా,

నీ కేంద్రంలో కాకుండా ఇక్కడ చేరానని అలిగావట. బావ మెసేజ్ పెట్టాడు. నీ కేంద్రంలో చేరితే నేను నెగ్గినా సగం మార్కులు నీ ఖాతాలో వేస్తారు. నాకు మొత్తం కావాలి.

గదికి నలుగురం. మిగతా ముగ్గురూ నేను గురక పెడతానని ఫిర్యాదు చేశారు. ఆ గురక సంగతి నాకెలా తెలుస్తుంది అన్నాను. ఇప్పుడు వంతులవారీగా తలగడ విసిరి లేపుతున్నారు.

మొదటి వారం కష్టమైంది. పాఠం చెప్పే ఆయన మంచివాడే, కానీ బోర్డు వైపు తిరిగి రాస్తూ మాట్లాడతాడు. వీపుకి పెదాలుండవు కదా. మూడు రోజులు ఓపిక పట్టాను. నాలుగో రోజు లేచి నిలబడి, 'సార్, మీరు బోర్డుతో ఏం చెబుతున్నారో మాకు కూడా చెప్పండి' అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆయనా నవ్వి, అప్పటి నుంచీ రాయడం అయ్యాక తిరిగి మాట్లాడుతున్నాడు. విచిత్రం ఏమిటంటే చెవులు బాగున్నవాళ్లు కూడా పాఠం ఇప్పుడే అర్థమవుతోందంటున్నారు.

నా పక్క బెంచీలో ఎవరో ఊహించు. మా పెద్ద సిస్టరు. సీనియర్ల శిక్షణ కింద ఆరు వారాలకి వచ్చింది. చెవికి చిన్న యంత్రం పెట్టుకుంది. పెట్టుకున్న మొదటి రోజు, ఈ ఫ్యాను ఇంత గోల చేస్తుందా అని ఆశ్చర్యపోయింది. తెర ఉన్న స్టెతస్కోపులో గీత లేచి పడుతుంటే చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆ యంత్రాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు, క్యూలో నిలబడి అడుక్కోవాల్సి వచ్చింది.

వేళ్లతో బీపీ చూడటం నా చేత అందరికీ చెప్పించారు. అరవై మంది ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని, నాడి ఎక్కడ తగులుతుందా అని కళ్లు మూసుకుని కూర్చున్నారు. గదంతా అంత నిశ్శబ్దంగా ఉందని పెద్ద సిస్టరు చెప్పింది. నాకు ఎప్పుడూ ఉండేదే కదా, నేను గమనించలేదు.

పరీక్ష డిసెంబరు రెండో వారం. బయటి నుంచి వచ్చే పరీక్షకుడు ఎవరో తెలిసింది. మీ సర్జన్ గారే. నువ్వేం కంగారు పడకు. నా వంతు కంగారు నేను పడుతున్నాను, అది చాలు.

తమ్ముడు


మూడో శిక్షణ కేంద్రం, హాస్టలు
డిసెంబరు 14

అక్కా,

పరీక్ష అయింది. ఫలితం తెలియదు, జరిగింది రాస్తున్నాను.

సర్జన్ గారు నోరు కనిపించే మాస్కు పెట్టుకున్నారు. ఊపిరికి అది మసకబారుతుంటే ప్రతి ప్రశ్నకీ ముందు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. నలభై నిమిషాలు. విసుక్కోలేదు. గాయాలు, విరిగిన ఎముకలు, పసిపిల్లల జ్వరాలు, అన్నీ అడిగారు. తెర చూసి బీపీ చెప్పాను. అప్పుడు ఆయన చెయ్యి చాపి ఆ తెర ఆపేశారు.

'మీ కేంద్రంలో ఇది పాడైంది. బాగుచేసేవాడు లేడు. ఇప్పుడేం చేస్తారు' అని అడిగారు.

వేళ్లతో చూశాను. 'పైఅంకె 138 సార్' అన్నాను.

'కింది అంకె?'

'వేళ్లతో కింది అంకె తెలియదు సార్.'

'చీటీలో రెండు అంకెలూ రాయాలి. బయట ఎనభై మంది కూర్చున్నారు. ఏం రాస్తారు?'

'పైది 138, కిందిది తెలియలేదు అని రాస్తాను. రాసి, తెలుసుకోగలిగిన చోటికి పంపిస్తాను.'

'తెలియలేదు అని రాస్తే చేతకానివాడు అనుకుంటారు కదా.'

'నన్ను చాలామంది అలా అనుకున్నారు సార్. రోగి బతికితే చాలు' అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టేశారు. నావైపు తిరిగి, నాకు బాగా కనబడేలా, 'ముప్పై ఐదేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ మాట రాయలేదు' అన్నారు. ఇంకేం అడగలేదు, వెళ్లొచ్చన్నారు.

నెగ్గానో లేదో నాకు తెలియదు. ఆ గదిలోంచి బయటికి వచ్చేటప్పుడు మాత్రం నాకు నేనే చాలా గొప్పగా కనిపించాను. ఈ మాట నీ మరదలికి చెప్పకు, ఇంట్లో గిన్నెలు కడగడం మానేస్తానేమోనని భయపడుతుంది.

తమ్ముడు


శిక్షణ కేంద్రం, కింది అంతస్తు
మార్చి 6

ఒరేయ్ నాన్నా,

నువ్వు వెళ్లి మూడు రోజులైంది, ఇల్లు బోసిగా ఉంది. మీ బావ ఇంకా తన మణికట్టు తనే పట్టుకుని తిరుగుతున్నారు.

అరవై మందిలో మూడో స్థానం వచ్చిందని బోర్డు మీద చూసినప్పుడు నేనేం చేశానో నీ ఎదుట చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. పరీక్షల పని నుంచి తప్పుకున్నదాన్ని కదా, ఫలితాలు నాకు ముందు చెప్పరు. అభ్యర్థుల తల్లులతో, భార్యలతో కలిసి గేటు దగ్గర ఎండలో నిలబడ్డాను. కాగితం అంటించగానే తోసుకుని ముందుకెళ్లాను. ఎవరి కాలో తొక్కాను. కింది నుంచి చదవడం మొదలుపెట్టాను, నీ నంబరు ఎంతకీ రాదు. పక్కనున్నావిడ, 'పైనుంచి చూడండమ్మా, మనవాళ్లు పైన ఉండకూడదా' అంది. పైన ఉన్నావు. అక్కడే, అందరి ముందూ ఏడ్చేశాను. ఆవిడ ఎవరో తెలియదు, నన్ను పట్టుకుని ఆవిడా ఏడ్చింది.

ఇక్కడి కొత్త బ్యాచ్‌కి వారం రోజులు పాఠం చెప్పమని పెద్ద డాక్టరు గారు నీకు ఉత్తరం రాసినప్పుడు, నాకు ముందుగా తెలియదంటే నువ్వు నమ్మలేదు. నిజంగా తెలియదు. సర్జన్ గారి సిఫార్సు అది. ఆయన ఇప్పుడు కమిటీలో నా ఎదుటి కుర్చీ వదిలేసి, నాకు దగ్గరగా కూర్చుంటున్నారు. నేను ఇప్పుడు ఆయన వైపు తిరిగి మాట్లాడుతున్నాను.

నువ్వు పాఠం చెబుతుండగా ఒక్కసారే, తలుపు అద్దంలోంచి చూశాను. ముందు బెంచీలో ఒకమ్మాయి చేతులు కదుపుతూ ప్రశ్న అడిగింది, నువ్వు జవాబు చెప్పావు. ఈ బ్యాచ్‌లో వినపడనివాళ్లు నలుగురున్నారని నాకు అప్పుడే తెలిసింది. దాచకుండా దరఖాస్తులోనే రాసుకుని వచ్చారట.

నిన్న ఆ పిల్లల క్లాసు ముందు నుంచి నడిచి వెళ్తున్నాను. తలుపు మీద నా హోదా బోర్డు వాళ్లు రోజూ చూస్తారు, కోర్సు పుస్తకం మీద కూడా నా పేరుంది. వెనక ఒకమ్మాయి ఇంకో అమ్మాయి మోచేతిని పొడిచి మెల్లగా అంది. మెల్లగా అన్నా నాకు వినపడింది.

'ఎవరో తెలుసా? మన బీపీ సార్ వాళ్ల అక్కట.'

నేను ఆగాను. వెనక్కి తిరిగి, అవునమ్మా, నేనే అన్నాను.

మీ అక్క